మీటింగులో ఎవరూ అనని మాట

మీ ఆఫీసు గోడ మీద చార్టు ఉంది. ఎక్సెల్ షీటులో ప్రతి పనికీ ఒక తేదీ, తేదీ పక్కన ఒక రంగు ఉన్నాయి. ప్రతి సోమవారం రివ్యూ పెడుతున్నారు. సాయంత్రానికల్లా మినిట్స్ వాట్సాప్ గ్రూపులో పడుతున్నాయి. టీములో ఇద్దరికి ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్లు కూడా ఉన్నాయి. ఇంత చేసినా ఉగాదికి అవ్వాల్సిన పని దసరాకి వెళ్లింది, దసరా నుంచి సంక్రాంతికి వెళ్లింది. సంక్రాంతి దాటాక ఆ పని ఊసెత్తడమే మానేశారు.

మీకూ ఇలా అయిందా? అయితే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. పెద్ద పెద్ద సంస్థలు కూడా దీంతోనే సతమతమవుతున్నాయి. పనులను గీతలుగా గీసి చూపించే గాంట్ చార్టు వచ్చి వందేళ్లు దాటింది. ఏ పని ఆగితే మొత్తం ఆగుతుందో లెక్కగట్టే క్రిటికల్ పాత్ పద్ధతి 1950ల చివర్లో వచ్చింది. అమెరికాలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ 1969లో పెట్టారు. ఇవన్నీ వచ్చాక కూడా ఫలితం ఏమిటి? వేల ప్రాజెక్టుల లెక్కలు పోగుచేసిన బెంట్ ఫ్లివ్‌బియర్గ్ అనే పరిశోధకుడు 2023లో తెచ్చిన పుస్తకంలో ఆ సంగతి చెప్పాడు. అనుకున్న ఖర్చులో, అనుకున్న టైముకి పూర్తయినవి నూటికి తొమ్మిది కూడా లేవు. అనుకున్న ప్రయోజనం కూడా ఇచ్చినవి ఎన్నో చూస్తే, మొత్తం ప్రాజెక్టుల్లో వెయ్యికి అయిదు.

మరి తప్పెక్కడుంది? నేను గమనించినంతలో జవాబు ఇది. ప్రతి మంచి పద్ధతీ మనల్ని కొన్ని ఇబ్బందికరమైన ప్రశ్నలు అడుగుతుంది. ఈ పని ఎవరిది? ఎప్పుడు అయిపోయినట్టు లెక్క? ఫలానావాళ్ల పని ఆగితే నీ సంగతేంటి? ఈ తేదీ నిజంగా నమ్ముతున్నావా? వీటికి నిజమైన జవాబు చెప్పాలంటే ఎవరో ఒకరు నోరు తెరిచి, ఇంకొకరికి నచ్చని మాట అనాలి. మనం ఫారం నింపుతాం, ఆ మాట మాత్రం అనం. ఫారం నిండింది కాబట్టి పద్ధతి పాటించామని అనుకుంటాం.

ఈ అధ్యాయం ఆ నచ్చని మాటల గురించే. ఒక్కోటీ ఎలా అనాలో, ఎప్పుడు అనాలో చూద్దాం. ఉదాహరణల కోసం దూరం పోనక్కర్లేదు. గోదావరి ఒడ్డున కొవ్వూరు గట్టు మీద నిలబడితే చాలు, ఎగువనా దిగువనా అన్నీ కనిపిస్తాయి.

1. "అయిపోయింది" అంటే ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి

ఒక ప్రైవేటు స్కూలు అనుకోండి. ఫీజుల సాఫ్ట్‌వేర్ కొన్నారు. కంప్యూటర్లో ఎక్కించారు, క్లర్కుకి రెండు రోజులు నేర్పించారు, బిల్లు కట్టేశారు. షీటులో ఆ వరుస ఆకుపచ్చగా మారింది. ఆరు నెలల తర్వాత వెళ్లి చూడండి. క్లర్కు ఫీజు ముందు పాత నోటుబుక్కులోనే రాసుకుంటారు. సాయంత్రం తీరిక దొరికితే కంప్యూటర్లో కొడతారు, లేకపోతే లేదు. కరస్పాండెంటు గారు బకాయిల లిస్టు అడిగితే నోటుబుక్కు తీస్తారు. ఈ ప్రాజెక్టు అయినట్టా, కానట్టా?

మొదటి రోజే ఎవరైనా ఇలా రాసుంటే వేరే సంగతి: "జూన్ 15 నుంచి ఫీజు నోటుబుక్కు బీరువాలో పెట్టి తాళం వేస్తాం, బకాయిల లిస్టు కంప్యూటర్లోంచి మాత్రమే వస్తుంది." ఈ వాక్యం రాయడం ఎందుకు కష్టం? రాయగానే క్లర్కు, "మధ్యాహ్నం కరెంటు పోతే నేనేం చెయ్యనండీ?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు వెతకాలి, ఇన్వర్టరుకి డబ్బు పెట్టాలి. "సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలేషన్" అని రాసుకుంటే ఏ ప్రశ్నా రాదు. అందుకే అందరం అదే రాసుకుంటాం.

దీనికి భిన్నంగా పట్టిసీమ ఎత్తిపోతల పథకం చూడండి. కొవ్వూరు నుంచి తాళ్లపూడి మీదుగా ఎగువకు వెళితే వస్తుంది. 2015 మార్చిలో పనులు మొదలయ్యాయి. అదే ఏడాది వర్షాకాలంలో గోదావరి నీళ్లు కృష్ణలో కలిశాయి. మరుసటి ఏడాది మార్చికల్లా 24 పంపులూ, 8,500 క్యూసెక్కుల సామర్థ్యం సిద్ధమయ్యాయి. ఖర్చుల విషయంలో కాగ్ అభ్యంతరాలు చెప్పిన మాట నిజమే, ఆ పథకం అవసరమా అన్న చర్చా జరిగింది. కానీ ఒకటి ఒప్పుకోవాలి. "గోదావరి నీళ్లు పోలవరం కుడి కాలువలోకి ఎత్తిపొయ్యాలి" అన్న లక్ష్యంలో ఎవరికీ అనుమానం లేదు. నీళ్లు వచ్చాయో లేదో పిల్లాడైనా చూసి చెప్పగలడు. మీ ప్రాజెక్టు అయిందో లేదో బయటి మనిషి చూసి చెప్పగలడా?

ఇప్పుడే ఒక కాగితం తీసుకుని ఆ ఒక్క వాక్యం రాయండి. "శిక్షణ ఇచ్చాం", "అవగాహన కల్పించాం", "మెరుగుపరిచాం" లాంటి మాటలు పడితే కొట్టేసి మళ్లీ రాయండి.

2. ఒక్క పేరు రాయండి, ఆ పేరుకి అధికారం ఇవ్వండి

కొవ్వూరుకీ రాజమండ్రికీ మధ్య ఉన్న హేవ్‌లాక్ వంతెన మీద 1997లో రైళ్లు ఆపేశారు. దాన్ని నడక దారిగా, పర్యాటక స్థలంగా మార్చాలని అప్పటి నుంచీ అనని నాయకుడు లేడు. వంతెన రైల్వేది, పర్యాటకం రాష్ట్రానిది, ఒక చివర కొవ్వూరు, మరో చివర రాజమండ్రి. అందరికీ ఇష్టమే, ఎవరి నెత్తిమీదా భారం లేదు. పాతికేళ్లు దాటిపోయాక 2025 జూన్‌లో, అఖండ గోదావరి ప్రాజెక్టు పేరుతో శంకుస్థాపన జరిగింది.

కొవ్వూరు–భద్రాచలం రైలు మార్గం కథ ఇంకా పెద్ద పాఠం చెబుతుంది. ఈ ప్రాంతం వాళ్లు తాతల కాలం నుంచీ వింటున్న మాట అది. అందులో భద్రాచలం రోడ్ స్టేషను నుంచి సత్తుపల్లి దాకా ముక్క పూర్తయి బొగ్గు రైళ్లు నడుస్తున్నాయి. కొవ్వూరు వైపు ముక్క పట్టాలెక్కలేదు. ఒకే మార్గంలో ఇంత తేడా ఎందుకు? అటువైపు సింగరేణికి బొగ్గు తరలించాల్సిన అవసరం ఉంది, డబ్బు కూడా పెట్టింది. పని ఆగితే రోజూ నష్టపోయేవాళ్లు ఉన్నారు. ఇటువైపు అడిగేవాళ్లు ఉన్నారు గానీ, ఆగితే రేపు పొద్దున్న సమాధానం చెప్పుకోవాల్సిన వాళ్లు లేరు.

మీ సంస్థలో "ఇది అందరిదీ", "కమిటీ చూసుకుంటుంది" అన్న పనులు ఎన్ని ఉన్నాయి? ఒక్కోదాని ఎదురుగా ఒకే ఒక్క పేరు రాయండి. రెండు పేర్లు రాయొద్దు. రాయబోతే ఏమవుతుందో నాకు తెలుసు. "ఆయన పేరు రాస్తే ఈయన నొచ్చుకుంటారు" అంటారు. మన దగ్గర ఉమ్మడి వ్యాపారాల్లో, సొసైటీల్లో, ట్రస్టుల్లో పనులు ఆగేది సగం ఇక్కడే. నొచ్చుకునే ఆయనతో ముందే కూర్చుని మాట్లాడండి: "బాబాయ్, లెక్కలు మీరు చూడండి. మిషను పని తమ్ముడికి వదిలేద్దాం. మధ్యలో మనిద్దరం వేలు పెట్టొద్దు." ఈ మాట ఈరోజు కష్టమే. పని సగంలో ఆగి, డబ్బు ఇరుక్కున్నాక అనడం ఇంకా కష్టం.

పేరు రాసి అధికారం ఇవ్వకపోవడం రెండో పొరపాటు. బోల్టులు కొనాలన్నా పైకి అడగాల్సి వస్తే ఆ మనిషి బాధ్యుడు కాడు, కబుర్లు మోసేవాడు. కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్న ఇ. శ్రీధరన్ సంగతి గుర్తు చేసుకోండి. 1964 డిసెంబరు తుపానుకి పాంబన్ వంతెన చాలా భాగం కొట్టుకుపోయింది. బాగుచేయడానికి రైల్వే ఆరు నెలలు గడువు పెట్టింది, ఆయన పై అధికారి దాన్ని మూడు నెలలకు కుదించాడు. బాధ్యత యువ ఇంజనీరు శ్రీధరన్‌ది. సముద్రంలో పడిపోయిన గడ్డర్లనే వెతికి పైకి తీయించి 46 రోజుల్లో పూర్తి చేశారు. కొత్త గడ్డర్లా, పాతవా అన్న నిర్ణయం అక్కడికక్కడే జరగబట్టే అది కుదిరింది. మీ దగ్గర అలాంటి నిర్ణయానికి ఎన్ని సంతకాలు కావాలి?

బాధ్యుడు జబ్బు పడితే ఎవరు చూస్తారో కూడా రాయండి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. మధ్యలో కాటన్ దొర అనారోగ్యంతో సెలవు మీద వెళ్లాల్సి వస్తే కెప్టెన్ ఓర్ పని నడిపించాడు. కూలీలను, సామాన్లను సమకూర్చడంలో వీణం వీరన్న అండగా నిలిచాడు. పెద్దాయన లేడని గోదావరి ఆగదు కదా.

3. పనుల మధ్య అతుకులు చూడండి

ఈ అధ్యాయంలో ఒక్క భాగమే చదవగలిగే తీరిక ఉంటే ఇది చదవండి. నేను చూసిన ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం ఒక పని చెడిపోవడం వల్ల ఆగలేదు. ఒక పనికీ ఇంకో పనికీ మధ్య ఉన్న సందులో పడి ఆగాయి.

పట్టిసీమ దాటి ఇంకాస్త పైకి వెళితే పోలవరం. ఆలోచన 1940ల నాటిది, 1981లో శంకుస్థాపన జరిగింది, 2004 తర్వాత పనులు ఊపందుకున్నాయి, 2014లో జాతీయ ప్రాజెక్టు అయింది. అక్కడ డయాఫ్రం వాల్‌కి ఏమైందో నెమ్మదిగా చూద్దాం.

గోదావరి అడుగున లోతుగా ఇసుక ఉంది. దాని మీద రాతి, మట్టి కట్టతో ప్రధాన డ్యామ్ కట్టాలి. ఇసుకలోంచి నీళ్లు డ్యామ్ కిందగా ఊరిపోకుండా, నదికి అడ్డంగా నేలలోకి ఒక కాంక్రీటు గోడ దించాలి. అదే డయాఫ్రం వాల్. ఆ చోట వరద పారకుండా ఎగువన ఒకటి, దిగువన ఒకటి కాఫర్ డ్యాములు కట్టాలి. అవి కట్టి నదిని మూసేస్తే నీళ్లు ఎటు పోవాలి? కుడి పక్కన స్పిల్‌వే మీదుగా పోవాలి, కాబట్టి స్పిల్‌వే సిద్ధంగా ఉండాలి. కాఫర్ డ్యామ్ లేస్తే ఎగువన నీళ్లు ఎగదన్ని ఊళ్లు మునుగుతాయి. కాబట్టి ఆ ఊళ్లవాళ్లకి ముందే పరిహారం అందాలి, ఇళ్లు కట్టివ్వాలి, వాళ్లు తరలి వెళ్లాలి.

ఇప్పుడు చూడండి. గోడ ఒక పని, స్పిల్‌వే ఒక పని, కాఫర్ డ్యాములు ఒక పని, పునరావాసం ఇంకో పని. ఫైళ్లు వేరు, డబ్బు వచ్చే దారులు వేరు, చేసేవాళ్లు వేరు. వరద మాత్రం ఒక్కటే. గోడ 2018లో పూర్తయింది. ఆ పనిని విడిగా చూస్తే పూర్తి మార్కులు వెయ్యాల్సిందే. కాఫర్ డ్యాములు మాత్రం పూర్తిగా మూసుకోలేదు, మధ్యలో ఖాళీలు ఉండిపోయాయి. ఆ తర్వాత వచ్చిన పెద్ద వరదలు ఆ ఇరుకు ఖాళీల్లోంచి ఉరికాయి. నది అడుగున పెద్ద పెద్ద గుంతలు పడ్డాయి. పూర్తయిన గోడ అక్కడక్కడా దెబ్బతింది. చివరికి 2025 జనవరిలో కొత్త గోడ పని మొదలు పెట్టాల్సి వచ్చింది.

తప్పు ఏ ప్రభుత్వానిది అన్న వాదన మన టీ కొట్ల దగ్గర ఇప్పటికీ నడుస్తోంది. ఆ తగువులోకి నేను దిగడం లేదు. మీ ఆఫీసుకి కావాల్సిన పాఠం వేరే ఉంది. పక్క పని పూర్తికానప్పుడు, పూర్తయిన పనికి కూడా రక్షణ ఉండదు. "నా భాగం నేను చేసేశానండి" అనే మాట వినడానికి బాగుంటుంది. కాఫర్ డ్యామ్ లేని గోడకి ఆ మాట ఏం చేస్తుంది?

ఇదే కథ చిన్న స్థాయిలో రోజూ జరుగుతుంది. ఒక రైస్ మిల్లు వాళ్లు రంగు మారిన బియ్యం ఏరే కొత్త సార్టెక్స్ మిషను తెప్పించారనుకోండి. దాళ్వా ధాన్యం దిగే వేళకి నడవాలి. మిషను టైముకే వచ్చింది, షెడ్డులో దిగింది. ఫౌండేషను వేశారు, బోల్టులు బిగించారు. స్విచ్ వేద్దామంటే లోడు చాలదు. అదనపు లోడుకి కరెంటాఫీసులో దరఖాస్తు పెట్టాలి. ఎవరు పెట్టాలి? ఎలక్ట్రీషియన్ పెడతాడని గుమాస్తా గారు అనుకున్నారు. మిషను అమ్మిన కంపెనీ చూసుకుంటుందని ఎలక్ట్రీషియన్ అనుకున్నాడు. యజమాని అది ఎప్పుడో అయిపోయిందనుకున్నారు. అటు ధాన్యం లారీలు వచ్చి గేటు బయట నిలబడ్డాయి. షీటులో మిషను, షెడ్డు, ఫౌండేషను మూడూ ఆకుపచ్చగానే ఉన్నాయి. కరెంటు లోడు అనే వరుసే ఆ షీటులో లేదు.

ఇలా చెయ్యండి. మీ పనుల జాబితా తీసి, ప్రతి రెండు పనుల మధ్యా ఒక గీత గీయండి. గీత మీద నాలుగు సంగతులు రాయండి: ఎవరు ఇస్తారు, ఎవరు తీసుకుంటారు, ఏ స్థితిలో ఇస్తారు, ఆలస్యమైతే ముందుగా పూర్తి చేసినవాళ్లకి ఏం నష్టం. నాలుగోది వదిలేయకండి, పోలవరం గోడ చెప్పేది అదే. తర్వాత ఆ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టండి. గ్రూపులో మెసేజీ పెట్టి ఊరుకోకండి. ఒకరి మాట ఒకరు విని "ఓహో, అది నేను చెయ్యాలా?" అన్న క్షణంలోనే సగం ప్రాజెక్టు నిలబడుతుంది. ఆ మాట మొదటి నెలలో బయటికి వస్తే మీరు అదృష్టవంతులు.

4. తేదీ ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి

గోదావరి పుష్కరాలు పన్నెండేళ్లకు ఒకసారి వస్తాయి. 2003లో వచ్చాయి, 2015లో వచ్చాయి, 2027లో వస్తాయి. ఇంతకంటే ముందుగా తెలిసే గడువు లోకంలో ఇంకేముంది? అయినా ఘాట్ల పనులు, రోడ్ల పనులు ఆఖరి నెలల్లో రాత్రీ పగలూ లైట్లు పెట్టి చేయడం మనం చూస్తూనే ఉన్నాం. ఏళ్ల తరబడి సాగిన కొవ్వూరు–రాజమండ్రి నాలుగో వంతెన కూడా 2015 పుష్కరాల వేళకే వాడుకలోకి వచ్చింది.

ఎందుకిలా అవుతుంది? మన దగ్గర చివరి తేదీ ఉంటుంది, నిర్ణయాల తేదీలు ఉండవు. టెండరు ఏ రోజుకి పిలవాలి? డిజైను మీద సంతకం ఏ రోజుకి పడాలి? భూమి ఏ రోజుకి చేతికి రావాలి? కాంక్రీటు బలాన్ని 28 రోజులకు పరీక్షించి చూస్తారు. గడువు దగ్గర పడిందని ఆ 28ని పద్నాలుగు చేయలేం. చివరి రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి, ప్రతి నిర్ణయానికీ ఒక తేదీ పడుతుంది. చాలాసార్లు మొదటి నిర్ణయం తేదీ పోయిన నెలలోనే దాటిపోయిందని తెలుస్తుంది. చేదుగా ఉంటుంది గానీ, ఈరోజే తెలియడం మంచిది. ఢిల్లీ మెట్రోలో శ్రీధరన్ ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో చూపించే బోర్డులు పని జరిగే చోటే పెట్టించారు. గడిచిన రోజులు కాకుండా మిగిలిన రోజులు కనిపిస్తుంటే పనివాళ్ల మనసు వేరుగా ఉంటుంది.

ఇంకో ప్రశ్న: ఇలాంటి పని ఇంతకు ముందు చేసినవాళ్లకి ఎన్నాళ్లు పట్టింది? నోబెల్ బహుమతి పొందిన మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ తన అనుభవం ఒకటి చెప్పాడు. 1970లలో ఇజ్రాయెల్‌లో ఒక పాఠ్యపుస్తకం తయారు చేయడానికి కొందరు కూర్చున్నారు. ఎన్నాళ్లు పడుతుందో తలా ఒక చీటీ మీద రాస్తే అందరి అంచనా రెండేళ్లకు అటూ ఇటూ వచ్చింది. వాళ్లలో ఒకాయన పాఠ్యప్రణాళికల్లో అనుభవజ్ఞుడు. ఆయన చీటీ కూడా అంతే. "మీరు చూసిన ఇలాంటి బృందాలకి ఎన్నాళ్లు పట్టింది?" అని ప్రత్యేకంగా అడిగేసరికి ఆయన ముఖం మారిపోయింది. నూటికి నలభై బృందాలు అసలు పూర్తి చేయలేదని, చేసినవాళ్లకి ఏడు నుంచి పదేళ్లు పట్టిందని చెప్పాడు. జవాబు మొదటి నుంచీ ఆ గదిలోనే ఉంది, ఎవరూ అడగలేదు. అడిగి తెలుసుకున్నాక కూడా వాళ్లు ప్లాను మార్చుకోలేదు. పుస్తకానికి మరో ఎనిమిదేళ్లు పట్టింది.

మీ గదిలో అలాంటి పెద్దమనిషి ఎవరు? పాత గుమాస్తా గారా, రిటైరైన సూపర్‌వైజరా, పక్క ఊళ్లో ఇదే పని చేసిన మిల్లు వాళ్లా? వెళ్లి అడగండి. వాళ్లకి పట్టిన కాలాన్ని మీ ప్లానులో రాయండి. "మనం వాళ్లకంటే బాగా చేస్తాం" అనే ధైర్యాన్ని ప్లానులో కలపకండి.

మన ప్రాంతపు క్యాలెండర్ కూడా చూసుకోండి. జూలై నుంచి అక్టోబరు దాకా గోదావరి వరద, ఆ వెనకే తుపానులు. సంక్రాంతికి వారం ముందూ వారం తర్వాతా పనివాళ్లు దొరకరు. కోతలప్పుడు ట్రాక్టర్లు దొరకవు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని వేసిన ప్లానులో ఇవి ఉండవు. మీరు చెబితేనే వస్తాయి.

5. చెడ్డ కబురుకి దారి వెయ్యండి

"ఏవండీ, ఆ పని ఎప్పటికి అవుద్ది?"

"ఆయ్, వచ్చే వారం అయిపోద్దండి."

గోదావరి జిల్లాల్లో పుట్టిన మనకి ఎదుటివాళ్ల ముఖం మీద కాదనడం చేతకాదు. పెద్దవాళ్లకి, డబ్బు పెట్టినవాళ్లకి అసలే చెప్పలేం. ఈ మర్యాద మన సొత్తు, వదులుకోమని నేననను. కానీ ప్రాజెక్టులో ఇదే మర్యాద ఆలస్యాన్ని దాచిపెడుతుంది. వచ్చే వారానికి ఫౌండేషను పూర్తి కాదని సూపర్‌వైజరుకి తెలుసు. మీరు అడిగిన తీరుకి ఆయన దగ్గర ఒక్క జవాబే ఉంది.

కాబట్టి అడిగే తీరు మార్చండి. "అవుతుందా?" అని అడగకండి. ఇలా అడగండి: "ఇంకా ఏమేం మిగిలాయి?" "మీరు ఎవరి కోసం ఎదురు చూస్తున్నారు?" "ఈ వారం నా వల్ల ఆగినదేమైనా ఉందా?" మూడో ప్రశ్న యజమానులకి, మేనేజర్లకి చాలా ముఖ్యం. నాలుగు సోమవారాలు వరసగా అడిగితే అయిదో సోమవారం ఎవరో ఒకరు ధైర్యం చేసి చెబుతారు.

చెప్పినప్పుడు మీరేం చేస్తారన్న దాని మీదే ఇక ముందంతా ఆధారపడి ఉంది. "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావ్?" అని అందరి ముందూ అరిచారా, ఆ ప్రాజెక్టులో అదే ఆఖరి నిజం. తర్వాత మీకు వచ్చేవన్నీ ఆకుపచ్చ వరుసలే. అదే, "ఇప్పుడైనా చెప్పారు, మంచిది. నన్నేం చెయ్యమంటారు?" అంటే, మిగతావాళ్లు కూడా గమనిస్తారు.

పెద్దల ముందు చిన్నవాళ్లు మాట్లాడలేని చోట చీటీలు వాడండి. గ్యారీ క్లైన్ అనే మనస్తత్వవేత్త నేర్పిన కిటుకు ఇది, చాలా తేలిక. పని మొదలయ్యే ముందు అందరినీ కూర్చోబెట్టి, "ఏడాది గడిచింది, మన ప్రాజెక్టు ఘోరంగా దెబ్బతింది అనుకోండి. ఎందుకు దెబ్బతిందో రాయండి" అని తలా ఒక కాగితం ఇవ్వండి. పేరు రాయక్కర్లేదు. పది నిమిషాలు చాలు. కాగితాలు మీరే పైకి చదవండి. ఒకటికి రెండు కాగితాల్లో "పెద్దాయనకీ చిన్నాయనకీ పడదు" అని ఉండొచ్చు. నొప్పిగా ఉన్నా చదవండి. ఆ మాట పైకి రాకుండా ఏ చార్టూ మిమ్మల్ని కాపాడదు.

6. ఆలస్యమయ్యాక మనుషుల్ని పెంచకండి

ఐబీఎంలో మేనేజరుగా పనిచేసిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే పుస్తకం రాసి చెప్పాడు, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి కొత్తవాళ్లని కలిపితే అది ఇంకా ఆలస్యమవుతుందని. కొత్తవాళ్లకి నేర్పేది ఎవరు? పని చేస్తున్న పాతవాళ్లే. అంటే వాళ్ల చేతిలో పని కూడా ఆగుతుంది. మట్టి మొయ్యడానికి ఇంకో పదిమంది వస్తే పనికొస్తారేమో గానీ, ఆలోచించి చేసే పనికి చివరి నెలలో వచ్చినవాళ్లు భారమే. మనుషుల్ని పెంచే బదులు పనిని తగ్గించండి. మొదటి తడవలో ఏది లేకపోయినా నడుస్తుంది? దాన్ని తీసి రెండో తడవలో పెట్టండి.

7. ఆపాల్సిన పనిని ఆపండి

ఇది చిన్న సంగతే గానీ చాలామంది చెయ్యలేరు. మీ దగ్గర ఎనిమిది ప్రాజెక్టులు నడుస్తుంటే, నిజానికి రెండే నడుస్తున్నాయి. మిగతా ఆరూ ఆ రెండింటి మనుషుల్నీ డబ్బునీ తింటున్నాయి. శంకుస్థాపన చేశాం కదా, పేపర్లో వేయించాం కదా అని లాక్కు రాకండి. "దీన్ని ఈ ఏడాది ఆపుతున్నాం" అని కాగితం మీద రాసి, కారణం రాసి, అందరికీ చెప్పండి. చెప్పకుండా వదిలేస్తే ఆ పని మీద ఉన్న కుర్రాడు రోజూ ఆఫీసుకొచ్చి దేనికి వస్తున్నాడో తెలియక కుమిలిపోతాడు. ఈ మాట సంస్థ కోసం కంటే ఆ కుర్రాడి కోసం చెబుతున్నాను.

ఇవన్నీ ఒకేసారి మొదలు పెట్టకండి. ఎక్కువమంది చేసే పొరపాటు అదే. ఏడింటినీ ప్రింటు తీసి గోడకి అంటిస్తారు, గోడ మీద చార్టు పక్కన ఇంకో చార్టు చేరుతుంది. ముందు ఒక్క ప్రాజెక్టు ఎంచుకోండి, చిన్నదైనా ఫర్వాలేదు. దానికి "అయిపోయింది" అంటే ఏమిటో చెప్పే వాక్యం రాయండి, ఒక్క పేరు రాయండి, అతుకుల మీద గీతలు గీయండి. మిగతావి నెల తర్వాత చూద్దాం.

వచ్చే సోమవారం రివ్యూలో రంగుల షీటు తెరవకండి. ముందు మీ టీములో అందరికంటే చిన్న ఉద్యోగి వైపు తిరిగి, "నా వల్ల ఆగినదేమైనా ఉందా?" అని అడగండి. వెంటనే జవాబు రాకపోవచ్చు. తొందరపడి మీరే మాట్లాడకండి, ఆయన చెప్పేదాకా ఆగండి.